ప్రయోగ భౌతికశాస్త్ర ప్రొఫెసర్లను ఎంపిక చేసే పెద్దలకు బహిరంగ లేఖ

విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్ పోస్టులకు ఎంపికలు చేసే, పదోన్నతులు ఖరారు చేసే కమిటీల సభ్యులకు నమస్కారం.

ప్రయోగ భౌతికశాస్త్రంలో సీనియర్ ప్రొఫెసర్ పోస్టుకు ఒక అభ్యర్థి ఫైలు మీ బల్ల మీదికి వచ్చిందంటే అందులో ఏముంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పేపర్ల జాబితా, సైటేషన్ల లెక్క, హెచ్-ఇండెక్స్ (ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లు వచ్చాయో చెప్పే అంకె), తెచ్చిన ప్రాజెక్టుల మొత్తం, డాక్టరేట్ తెచ్చుకున్న స్కాలర్ల సంఖ్య, నాలుగు సిఫారసు ఉత్తరాలు. అన్నీ తిరగేసినా ఒక్క సంగతి మాత్రం తెలియదు. ఈ మనిషి చివరిసారిగా ల్యాబులో కూర్చుని, సగటు తీయని, నునుపు చేయని రీడింగులను తన కళ్లతో ఎప్పుడు చూశారు? మీరు ఆ ప్రశ్న అడగడం లేదు. అడగకపోవడం వల్ల ఏం జరుగుతోందో చెప్పడానికే ఈ ఉత్తరం.

అతి తక్కువ ఉష్ణోగ్రతల్లో పదార్థాల విద్యుత్ నిరోధం కొలవడం నా పని. చిన్న ముక్కకు నాలుగు సన్నని తీగలు అతికిస్తాం. రెండింటి గుండా కరెంటు పంపి, మిగతా రెండింటి మధ్య వోల్టేజి చూస్తాం. ద్రవ హీలియంతో ముక్కను చల్లబరుస్తూ పోతాం. ఒకచోట వోల్టేజి ఠక్కున సున్నాకు పడిందనుకోండి. పక్కనున్న కుర్ర స్కాలర్‌కు ఇక నిద్ర పట్టదు. అతివాహకత, అంటే నిరోధం పూర్తిగా మాయమవడం, దొరికిందని సంబరం, పేపర్‌కు పేరు కూడా మనసులో రెడీ. సీనియర్ అవసరం సరిగ్గా అక్కడ పడుతుంది. చలికి వోల్టేజి తీగ అతుకు ఒకటి ఊడినా తెర మీద కనిపించేది దాదాపు అలాంటి సున్నాయే కావచ్చు. కరెంటు దిశ తిప్పి చూశావా? కరెంటు తీగల్ని, వోల్టేజి తీగల్ని తారుమారు చేశావా? పిసరంత సిగ్నల్‌ను గజిబిజిలోంచి ఏరి చూపే లాక్-ఇన్ యాంప్లిఫయర్‌లో, పంపిన కరెంటుకు తొంభై డిగ్రీల తేడాతో వచ్చే భాగం ఎంతుంది? అది ఉన్నట్టుండి పెరిగితే అనుమానించాల్సింది అతుకునే. మళ్లీ వేడెక్కిస్తే అదే ఉష్ణోగ్రత దగ్గర గీత లేచిందా? అయస్కాంత క్షేత్రం పెట్టినప్పుడు ఆ సున్నా కదిలిందా? నాకు పని నేర్పిన ప్రొఫెసర్ ఈ ప్రశ్నలన్నీ నిలబడే అడిగేవారు. జవాబు తృప్తిగా లేకపోతే "రేపు కొత్త అతుకులతో మళ్లీ చేద్దాం" అని వెళ్లిపోయేవారు. ఆ క్షణంలో ఆయన్ని తిట్టుకోని స్కాలర్ లేడు.

ఆ ప్రశ్నలు పరికరంతో పాటు వచ్చే పుస్తకంలో ఉండవు. పాతికేళ్లు రకరకాల పరికరాల చేతిలో మోసపోయి, ఆ మోసాల తీరు గుర్తుపెట్టుకున్న మనిషి దగ్గర మాత్రమే ఉంటాయి. సీనియర్ ప్రొఫెసర్‌కు విశ్వవిద్యాలయం జీతం ఇచ్చేది ముఖ్యంగా ఈ జ్ఞాపకానికే అని నా నమ్మకం. క్లాసులు జూనియర్లు కూడా చెప్పగలరు. నిధులు తేగలిగేవాళ్లు వేరే ఉంటారు. తన సొంత ల్యాబు ఫలితాన్ని తనే ముందుగా అనుమానించి, స్కాలర్ ఉత్సాహం చల్లార్చకుండా ఆ అనుమానాన్ని ఒక ప్రయోగంగా మార్చడం మాత్రం అందరివల్లా కాదు.

ప్రొఫెసరే ప్రతి స్క్రూ తిప్పాలని నేననడం లేదు. కేంబ్రిడ్జిలో 'ప్రయోగ భౌతికశాస్త్రం' అనే పేరుతోనే 1871లో ఒక ప్రొఫెసర్ పదవి పెట్టారు. అందులో మొదట కూర్చున్న మాక్స్‌వెల్ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేవి సమీకరణాలే. అయినా ఆయన కావెండిష్ ప్రయోగశాల కట్టించే పని దగ్గరుండి చూసుకున్నాడు. దాదాపు వందేళ్ల కిందట హెన్రీ కావెండిష్ చేసి, అచ్చు వేయకుండా వదిలేసిన విద్యుత్ ప్రయోగాల కాగితాలు సరిచూసి 1879లో ప్రచురించాడు. సరిచూడటమంటే ఉత్త ప్రూఫులు దిద్దడం అనుకోకండి. వాటిలో కీలకమైనదాన్ని ల్యాబులో మళ్లీ చేయించాడు. రూథర్‌ఫర్డ్ సంగతి కూడా అంతే. మాంచెస్టర్‌లో 1909లో చీకటి గదిలో సూక్ష్మదర్శినికి కళ్లు ఆనించి, రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు తెరను తాకినప్పటి మెరుపులు లెక్కపెట్టింది గైగర్, మార్స్‌డెన్. మార్స్‌డెన్ అప్పటికి డిగ్రీ విద్యార్థి. లోహపు రేకును తాకి ఆల్ఫా కణాలు ఏమైనా వెనక్కి వస్తున్నాయేమో చూడమన్నది మాత్రం రూథర్‌ఫర్డ్. వస్తాయని ఆయనా అనుకోలేదు. ఫలితం చూశాక రెండేళ్లకు పరమాణువులో కేంద్రకం ఉందని తేల్చాడు. ఆ మెరుపులు ఎలా లెక్కపెడతారో, కన్ను ఎక్కడ అలిసిపోతుందో తెలియని మనిషైతే ఆ ఫలితాన్ని అంత ధైర్యంగా నమ్మగలిగేవాడా?

ఇప్పుడు రెండో రకం సీనియర్‌ను చూడండి. ఫ్రాన్సులో నాన్సీ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ బ్లాండ్లో చిన్నవాడేం కాదు, అప్పటికే పేరున్న ప్రయోగకారుడు. 1903లో ఎన్-కిరణాలు అనే కొత్త కిరణాలు కనిపెట్టానని ప్రకటించాడు. చీకట్లో ఒక మసక వెలుగు కాస్త ప్రకాశవంతమైందా లేదా అని కంటితో చూసి తేల్చడమే అక్కడి కొలత. డజన్లకొద్దీ శాస్త్రవేత్తలు తామూ చూశామన్నారు. 1904లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రయోగ భౌతికశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ రాబర్ట్ వుడ్ ఆ ల్యాబుకు వెళ్లి, చీకట్లో చడీచప్పుడు లేకుండా పరికరంలోని అల్యూమినియం పట్టకాన్ని తీసేశాడు. అయినా అవతల రీడింగులు మామూలుగానే చదివారు! ఇద్దరూ ప్రొఫెసర్లే, ఇద్దరికీ అనుభవం ఉంది. ఒకాయన తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు, రెండో ఆయన వెళ్లి కాళ్లు లెక్కపెట్టాడు. ఫైళ్లు మాత్రమే చూసి వీళ్లిద్దరిలో ఒకరిని ఎంచుకోమంటే మీ కమిటీ ఎవరికి ఓటేసేదో నాకు అనుమానమే.

వందేళ్ల కిందటి ముచ్చట కదా అంటారేమో. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో హెండ్రిక్ షోన్ అనే యువ శాస్త్రవేత్త వ్యవహారం బయటపడింది 2002లోనే. సేంద్రియ పదార్థాలతో ట్రాన్సిస్టర్లు, అతివాహకత అంటూ రోజుల తేడాతో పేపర్లు వచ్చాయి, పేరున్న పత్రికలన్నీ వేసుకున్నాయి. వేర్వేరు ఉష్ణోగ్రతల్లో చేసిన రెండు ప్రయోగాల గ్రాఫుల్లో నాయిస్ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉందని లిడియా సోన్, పాల్ మెక్యూయెన్ వంటి ప్రయోగకారులు గమనించారు. నాయిస్ అంటే ఏ రెండుసార్లూ ఒకేలా రాని గజిబిజి గీత. అసలు సిగ్నల్ ఎవరైనా చూస్తారు. నాయిస్ వైపు చూడాలన్న ఆలోచన ల్యాబులో పండిన వాళ్లకే వస్తుంది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మాల్కమ్ బీస్లీ అధ్యక్షతన వేసిన కమిటీ 24 ఆరోపణల్లో 16 నిజమని 2002లో తేల్చింది. సరైన ల్యాబ్ నోట్‌బుక్కులు లేవు, అసలు డేటా ఫైళ్లు చెరిపేశారు. మిగతా సహరచయితలు ఎవరూ మోసం చేయలేదనీ అదే కమిటీ చెప్పింది. అక్కడితో ఆగకుండా, పేపర్ల మీద పేరున్న సీనియర్ శాస్త్రవేత్త ఇంత అసాధారణ ఫలితాలను తగినంత గట్టిగా ప్రశ్నించారా అని కూడా అడిగింది. మోసం చేయకపోవడం, బాధ్యత నెరవేర్చడం ఒకటి కావని ఆ నివేదిక చదివిన ఎవరికైనా అర్థమవుతుంది. ఆ తర్వాత ఎన్ని విశ్వవిద్యాలయాలు తమ పదోన్నతి నిబంధనల్లో దీని గురించి ఒక్క వాక్యమైనా చేర్చాయి?

మీరు ఎంతో నమ్మే హెచ్-ఇండెక్స్ గురించి కూడా ఒక మాట. దాన్ని 2005లో ప్రతిపాదించింది భౌతికశాస్త్రవేత్తే, శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసే హోర్హే హిర్ష్. పెద్ద విశ్వవిద్యాలయాల్లో అసోసియేట్ ప్రొఫెసర్‌కు దాదాపు 12, ప్రొఫెసర్‌కు 18 ఉండొచ్చని అందులో సూచించాడు. ఒక మనిషి పని మొత్తాన్ని ఒక్క అంకె చెప్పలేదనీ అదే పేపర్లో రాశాడు. కమిటీలు మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేశాయి. ఆ హిర్షే తర్వాత ఏం చేశాడో చూడండి. గది ఉష్ణోగ్రతలో అతివాహకత సాధించామని రోచెస్టర్ విశ్వవిద్యాలయ బృందం 2020లో నేచర్ పత్రికలో ప్రకటిస్తే, అయస్కాంత కొలతల రా డేటా (ఏ మార్పూ చేయని అసలు రీడింగులు) ఇవ్వండని వదలకుండా వెంటపడ్డవాళ్లలో ఆయన ముందున్నాడు. రీడింగుల్లోంచి బ్యాక్‌గ్రౌండ్, అంటే నమూనాది కాని సిగ్నల్, తీసేసిన పద్ధతి మీద ప్రశ్నలు తేలక 2022లో నేచర్ ఆ పేపర్‌ను ఉపసంహరించింది. అదే బృందం 2023లో వేసిన మరో పేపర్ కూడా ఆ ఏడాదే పోయింది, పదకొండు మంది రచయితల్లో ఎనిమిది మంది తామే తీసేయమన్నారు. కొలబద్ద తయారుచేసిన మనిషే రా డేటా కోసం పోరాడుతుంటే, మనం ఇంకా కొలబద్ద పట్టుకుని కూర్చున్నాం.

మీరు చెప్పే అభ్యంతరం ఒకటి నేనే చెబుతాను. ఇప్పటి ప్రయోగాలు ఒక్క మనిషి చూడగలిగేవి కావు. నిజమే. హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలోని అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి 2015లో వేసిన పేపర్‌కు 5,154 మంది రచయితలు. అందులో ఏ ప్రొఫెసరూ ప్రతి తీగనూ తడిమి చూడలేడు. అలాంటప్పుడు సీనియర్ల పని అనుమానించే ఏర్పాటును ముందే కట్టి ఉంచడం. గురుత్వ తరంగాల కోసం వెతికే లైగో వాళ్లు ఇందులో ఆదర్శం. 2010 సెప్టెంబర్‌లో వాళ్ల డిటెక్టర్లలోకి ఒక దొంగ సిగ్నల్‌ను రహస్యంగా పంపారు. సంగతి కొద్దిమందికే తెలుసు. మిగతా వందల మంది నెలల తరబడి విశ్లేషించి, ప్రకటన పేపర్ కూడా రాసి సిద్ధం చేశారు. 2011 మార్చిలో కవరు విప్పితే అది ఉత్తిదే. ఎంత నిరాశ! కానీ 2015 సెప్టెంబర్ 14న నిజమైన తరంగం వచ్చినప్పుడు, ఇదీ ఎవరైనా కావాలని పెట్టిందా అన్నది వాళ్లు వెంటనే ఆరా తీసిన వాటిలో ఒకటి. ఆ వ్యవస్థను కట్టడానికి ఎవరెవరు ఎన్నేళ్లు వెచ్చించారో వాళ్ల బయోడేటాలో ఏ గడిలో రాసుకోవాలో నాకు తెలియదు. మీ దరఖాస్తులో అలాంటి గడి లేదు.

సెర్న్ నుంచి ఇటలీకి పంపిన న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలను కొలిచిన ఒపేరా బృందం అనుభవం ఇంకాస్త చేదు. న్యూట్రినోలు కాంతి కంటే దాదాపు 60 నానోసెకన్లు ముందే చేరుతున్నాయని 2011లో ప్రకటించారు. తప్పెక్కడో మాకు దొరకలేదు, మీరూ చూడండని బయటివాళ్లను అడిగిన మాట కూడా వాస్తవమే. చివరికి తేలిందేమిటి? ఒక ఆప్టికల్ ఫైబర్ కేబుల్ సరిగా బిగించలేదు. 2012లో నాయకత్వంలోని ఇద్దరు తప్పుకున్నారు. వాళ్లను ఎగతాళి చేసేవాళ్లంటే నాకు చిరాకు. కనెక్టర్ వదులవని ల్యాబు ప్రపంచంలో ఎక్కడా లేదు.

ఫలితం రాకపోవడాన్ని మీరు ఎలా చూస్తారన్నది నాకున్న పెద్ద బాధ. స్టాన్‌ఫర్డ్‌లో బ్లాస్ కాబ్రేరా 1982 ఫిబ్రవరి 14న తన అతివాహక తీగచుట్టలో ఒక మెట్టు లాంటి మార్పు చూశాడు. అయస్కాంత ఏకధ్రువం, అంటే ఉత్తరమో దక్షిణమో ఒక్క ధ్రువమే ఉండే కణం, దాటి వెళితే ఎంత రావాలో సరిగ్గా అంత. సిద్ధాంతకర్తలు అర్ధశతాబ్దంగా ఎదురుచూస్తున్న కణం అది. ఆయన దాన్ని ఒకే ఒక్క సంఘటనగా, అవకాశంగా మాత్రమే రాశాడు. ఇంకా పెద్ద డిటెక్టర్లు కట్టి ఏళ్ల తరబడి వెతికాడు. మళ్లీ రాలేదు. రాలేదనే చెప్పాడు. సీనియర్ ప్రయోగకారుడు ఎలా ఉండాలో కొత్త స్కాలర్లకు చెప్పాల్సి వస్తే నేను మొదట చెప్పేది ఈ కథే. మీ లెక్కలో ఆ ఏళ్లకు మార్కులెన్ని?

ఓపిక మాట వచ్చింది కాబట్టి నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం సంగతి. కామర్లింగ్ ఆనెస్ అక్కడ ప్రయోగ భౌతికశాస్త్ర ప్రొఫెసర్‌గా 1882లో చేరాడు. హీలియాన్ని ద్రవంగా మార్చింది 1908 జూలై 10న. మధ్యలో 26 ఏళ్లు. పంపులు, గాజు పాత్రలు, ఒకదానికొకటి గొలుసుగా చల్లబరిచే యంత్రాలు కడుతూ వచ్చాడు. పరికరాలు చేసే పనివాళ్లు దొరకడం లేదని 1901లో వాళ్లకు శిక్షణ ఇచ్చే బడినే పెట్టించాడు. హెడ్ టెక్నీషియన్ ఫ్లిమ్, గాజు ఊదే కెసెల్‌రింగ్ లేకుండా ఆ రోజు వచ్చేదే కాదు. మూడేళ్లకోసారి సమీక్ష పెట్టి ప్రగతి నివేదిక అడిగే పద్ధతిలో ఆయన రెండో సమీక్ష దాటేవాడా? అయితే ఆయన్నీ దేవుణ్ని చేయను. 1911లో పాదరసం నిరోధం మాయమవడాన్ని కొలిచేటప్పుడు నిరోధం రీడింగులు తీసుకున్నది హోల్స్ట్. పేపర్ మాత్రం ఆనెస్ ఒక్కడి పేరుతో వచ్చింది. ఎలక్ట్రాన్ విద్యుదావేశం కొలిచిన అమెరికా భౌతికశాస్త్రవేత్త మిల్లికన్ నూనె చుక్కల ప్రయోగంలోనూ ఇదే తంతు. పని చాలామటుకు కలిసి చేసిన విద్యార్థి హార్వీ ఫ్లెచర్‌కు బ్రౌనియన్ చలనం (సూక్ష్మ రేణువుల అడ్డదిడ్డమైన కదలిక) పేపర్ ఒంటరిగా ఇచ్చి, ఎలక్ట్రాన్ ఆవేశం పేపర్ మిల్లికన్ తన పేరు మీదే ఉంచుకున్నాడు. ఫ్లెచర్ ఆ సంగతి రాసిపెట్టి, తను పోయాకే బయటపెట్టమన్నాడు. సీనియర్ చేతిలో ఎంత అధికారం ఉంటుందో దీన్ని బట్టే తెలుస్తుంది. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక, ఎవరిది అసలే లేదు అన్నది ఆ ఒక్క మనిషి తేల్చే విషయం. అభ్యర్థి దగ్గర చదివి వెళ్లినవాళ్లతో, ముఖ్యంగా మధ్యలో మానేసి వెళ్లినవాళ్లతో మీరు ఎప్పుడైనా మాట్లాడారా?

మీ వైపు నుంచీ జరుగుతున్న అన్యాయం ఉంది. ప్రయోగంలో మంచి చెయ్యి ఉన్నవాళ్లను ఏరి ప్రొఫెసర్‌ను చేస్తారు. చేసిన మర్నాటి నుంచి కొనుగోళ్ల కమిటీ, భవనాల కమిటీ, పరీక్షల బోర్డు, గుర్తింపు నివేదికలు. ఆ మనిషి ల్యాబుకు వెళ్లాలంటే దొంగతనంగా వెళ్లాలి. ల్యాబులో తీగలు ఎక్కడ ఎలా వెళ్తున్నాయో, ఫలానా పంపు శబ్దం మారితే దేనికి సూచనో, ఏ గేజి ఎప్పుడూ కాస్త ఎక్కువ చూపిస్తుందో ఒక్కడి బుర్రలో ఉంటుంది. ఆయన రిటైరయ్యాక కొత్తవాళ్లు అదే లీకు కోసం నెలలు వెతుకుతారు. ప్రమాదాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక లీటరు ద్రవ నైట్రోజన్ ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. చిన్న గదిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, వాసన రాదు, మనిషికి తెలిసేలోపే పడిపోతాడు. భద్రత పత్రం మీద సంతకం పెట్టే ప్రొఫెసర్ ఆ గదిలో అడుగుపెట్టి ఎన్నాళ్లయిందో కనుక్కోండి.

పైగా ఇప్పుడొచ్చే పరికరాలు మూతపెట్టిన పెట్టెలు. మీట నొక్కితే గీత వస్తుంది, కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చూపే ఎర్రర్ బార్ కూడా పక్కన అదే వేసి పెడుతుంది. ఆ గీత తెర మీదికి రాకముందు లోపల ఎన్ని రీడింగుల సగటు తీశారో, ఏవి వదిలేశారో స్కాలర్ అడగడు. అడగాలని అతనికి తెలియదు.

పక్కమాటగా ఇంకొకటి. కెనడా లేజర్ శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌ల్యాండ్‌కు 2018లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చేనాటికి ఆమె అసోసియేట్ ప్రొఫెసరే. ప్రొఫెసర్ పదోన్నతికి తాను దరఖాస్తు పెట్టుకోలేదని ఆమే చెప్పారు. ల్యాబులో సుఖంగా ఉన్నవాళ్లు మీ దగ్గరికి రారు. వాళ్లను వెతుక్కుంటూ మీరే వెళ్లాలి.

అందుకని అడిగేది ఇదీ. ఈసారి సీనియర్ ప్రయోగకారుల ఇంటర్వ్యూ కమిటీ గదిలో పెట్టకండి. అభ్యర్థి ల్యాబులోనే, అది దూరమైతే మీ విశ్వవిద్యాలయంలోని అలాంటి ల్యాబులోనే పెట్టండి. కమిటీలో ఒక సీనియర్ టెక్నీషియన్‌కు కుర్చీ వేయండి, ఉత్సవ విగ్రహంలా కాకుండా మార్కులు వేసే సభ్యుడిగా. ఎంపికైనవాళ్లకు వారంలో కనీసం రెండు రోజులు ఏ కమిటీ పనీ చెప్పబోమని నియామక పత్రంలోనే రాసివ్వండి. పరికరం కట్టడాన్ని, రాని ఫలితాన్ని నిజాయితీగా రాయడాన్ని పేపర్‌తో సమానంగా లెక్కించండి. ఆ ఇంటర్వ్యూలో అభ్యర్థి పేపర్లలోంచి మీకు నచ్చిన ఒక బొమ్మ చూపించి, దీని వెనకున్న రా డేటా, ఆ రోజు నోట్‌బుక్ పేజీ తెరిచి, ఏ రీడింగులు వదిలేశారో, ఎందుకు వదిలేశారో చెప్పమనండి. అరగంట చాలు. బాగా తెలిసినవాళ్లు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు, మిమ్మల్ని ఆపినా ఆగకుండా చెబుతారు. "ఆ విద్యార్థి వెళ్లిపోయాడు, ఫైళ్లు అతని దగ్గరే ఉండిపోయాయి" అన్న జవాబు వస్తే, సైటేషన్ల పేజీ తిప్పే ముందు ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు మీ మినిట్స్‌లో రాయించండి.

ఇట్లు,
ఇప్పటికీ ల్యాబులోనే పనిచేస్తున్న ఒక పరిశోధకుడు